మీట నొక్కితే మాట వినాలి!

ఈ వారం ఉత్తరం మూసారాంబాగ్ నుంచి వచ్చింది. రాసినవాడు డిగ్రీ రెండో సంవత్సరం తమ్ముడు. పేరు అచ్చు వేయొద్దన్నాడు, వేయడం లేదు. ఉత్తరం మాత్రం ఉన్నదున్నట్టు చదవండి:

“అన్నా, మూడు నెలల కింద బండి మీదికెంచి పడ్డ. కుడిచేతి బొటనవేలు విరిగింది. కట్టు ఇప్పిన్రు గానీ వేలు మునుపటి లెక్క వంగుతలేదు. ఫోన్ల గేమ్ ఆడరాదు. మా గల్లీల నలుగురం ఒక టీమ్. ఇప్పుడు ముగ్గురు ఆడుతున్రు, నేను పక్కన కూసుని చూస్తున్న. మా అక్క కంప్యూటర్ ఉన్నది. దాంట్ల ఫోన్ గేమ్ ఎక్కించి కీబోర్డు, మౌసుతోని ఆడొచ్చన్నరు. ఎక్కించిన. డబ్ల్యూ నొక్కితే మనిషి సీదా పోతలేడు. పక్కకు పోయి గోడకు మొహం పెట్టి నిలవడుతున్నడు. ఏం చెయ్యాలె?”

గోడకు మొహం పెట్టి నిలబడే హీరోలను మన సినిమాల్లో నేను కోకొల్లలుగా చూశాను. కాకపోతే వాళ్లంతా ఆఖరి రీలుకు రెండు రీళ్ల ముందు, విషాద గీతంలో నిలబడతారు. ఆట మొదట్లోనే నిలబడ్డ హీరో వీడొక్కడే! ఇలాంటి ఉత్తరాలకు మామూలుగా నాలుగు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకుంటాం. కానీ “పక్కన కూసుని చూస్తున్న” అన్న మాట దగ్గర మనసు ఆగింది. మెట్రో ఎక్కాను.

ఎర్ర లైనులో మలక్‌పేట, న్యూ మార్కెట్ దాటితే మూసారాంబాగ్. ఇంకో స్టేషన్ వెళితే దిల్‌సుఖ్‌నగర్. ఆ వైపు సినిమా చూసిన వయసున్నవాళ్లకు కోణార్క్, వెంకటాద్రి హాళ్ల పేర్లు చెబితే చాలు, టికెట్ల క్యూలో చిరిగిన చొక్కాలు గుర్తొస్తాయి. ఆ రోజుల్లోనే అక్కడి ఇంటర్నెట్ కేఫుల్లో గంటకింతని ఇచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడిన కోచింగ్ కుర్రాళ్లు ఇప్పుడు పిల్లల తండ్రులై ఉంటారు. ఆ తండ్రులే ఇప్పుడు “ఎప్పుడు చూసినా ఆ ఫోనేనా?” అని అరుస్తున్నారు. పోనీలెండి, అది వేరే కథ.

అన్నట్టు, మూసారాంబాగ్ అనే పేరు ఎలా వచ్చిందో తెలుసా? నిజాం కొలువులో సైన్యాధికారిగా ఉండి 1798లో కన్నుమూసిన ఫ్రెంచి దొర ఒకాయన ఉన్నాడు. పేరు మాన్సియర్ రేమండ్. అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది. ఆ నోరు తిరగని పేరును మన జనం మూసా రాం చేశారు. ముస్లిం సోదరులు మూసా రహీం అన్నారు. ఫ్రెంచి పేరుకు హైదరాబాద్ డబ్బింగ్ అన్నమాట!

నేను ఈ డబ్బింగ్ మాట ఊరికే తేలేదు. ఈ వారం పాఠమంతా అదే.

తెర మీద పెదవులు కదిలేవి ఒకరివి, వినిపించే గొంతు మరొకరిది. కమల్‌హాసన్ గారికి బాలు గారు మాట ఇచ్చారు. రాజశేఖర్ గారికి సాయికుమార్ గారు ఇచ్చారు. హాల్లో కూర్చున్న మనకు అతుకు తెలియలేదు. కంప్యూటర్ మీద ఫోన్ గేమ్ ఆడటం కూడా అచ్చంగా ఇంతే. ఫోన్ గేముకు వేలి భాష తప్ప ఇంకో భాష రాదు. అద్దం మీద ఫలానా చోట వేలు పడింది, ఇటు జరిగింది, లేచింది... దానికి తెలిసింది ఈ మూడు ముక్కలే. డబ్ల్యూ అంటే ఏమిటో దానికి అక్కర్లేదు. కాబట్టి మధ్యలో ఒక డబ్బింగ్ కళాకారుడు ఉండాలి. మీరు మీట నొక్కగానే అతను “ఇదిగో, ఇక్కడ వేలు పడింది” అని గేముకు చెప్పాలి. ఆ కళాకారుడే ఎమ్యులేటర్. కంప్యూటర్ లోపల ఒక నకలు ఫోన్ నిలబెట్టి, ఆ ఫోన్ మీద కనబడని వేలితో ఆడే ప్రోగ్రామ్ అది.

ఈ కళాకారులు చాలామందే ఉన్నారు. 2011లో జనంలోకి వచ్చిన బ్లూస్టాక్స్ పాత కాపు. టెన్సెంట్ వాళ్ల గేమ్‌లూప్, ఇంకా ఎల్‌డీ ప్లేయర్, నాక్స్ ఉన్నాయి. గూగుల్ వాళ్లు కూడా 2022లో ప్లే గేమ్స్‌ను కొన్ని దేశాల్లో కంప్యూటర్ మీదికి తెచ్చి, తర్వాత మన దేశానికీ ఇచ్చారు. అందులో చాలా గేములకు మీటలు ముందే కుదిర్చి ఉంటాయి. షిఫ్ట్, ట్యాబ్ కలిపి నొక్కితే ఆ వివరం కనిపిస్తుంది. విండోస్ లోనే ఆండ్రాయిడ్ యాప్‌లు నడిచే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ చేసింది గానీ 2025 మార్చితో దానికి తెర దించేసింది. ఎవరైనా పాత వీడియో చూపించి అది పెట్టుకోమంటే పెట్టుకోకండి.

మన తమ్ముడి ఇల్లు టీవీ టవర్ వైపు ఒక సందులో ఉంది. రెండో అంతస్తు. తలుపు తీసింది అక్క. ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. “అన్నా, రండి. ఎనిమిదింటికి నాకు మాక్ టెస్టు ఉన్నది. అప్పటిదాంక కంప్యూటర్ మీది” అని కాల్షీటు ముందే తేల్చి చెప్పింది. టైము ఆరుంబావు. నిర్మాతలు కూడా ఇంత ఖచ్చితంగా ఉండరు!

కంప్యూటర్ సెకండ్ హ్యాండ్‌ది. ర్యామ్ 4 జీబీ. బ్లూస్టాక్స్ లాంటివాటికి కనీసం ఇంత కావాలి. 8 ఉంటే హాయి. తమ్ముడు ఎమ్యులేటర్‌ను ఎక్కడో దొరికిన లింకు నుంచి దించుకున్నాడట. దానితో పాటు పిలవని పేరంటాళ్లు మరో ముగ్గురు వచ్చి కూర్చున్నారు. ఒకటి ప్రకటనలు వేస్తోంది, ఒకటి బ్రౌజర్‌ను మార్చేసింది, మూడోది ఏం చేస్తోందో నాకూ అర్థం కాలేదు. అన్నిటినీ సాగనంపి, అసలు కంపెనీ వాళ్ల సొంత చోటు నుంచి మళ్లీ దించాం. అక్క హాల్ టికెట్లు, సర్టిఫికెట్లు ఉన్న కంప్యూటర్ అది. ఆటకోసం పోయి దాన్ని పాడు చేసుకోకూడదు గదా!

ఎక్కించాక ఎద్దుబండిలా నడిచింది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాం. పెర్ఫార్మెన్స్ లో సీపీయూ దగ్గర “వర్చువలైజేషన్: డిజేబుల్డ్” అని ఉంది. దొరికాడు దొంగ! కంప్యూటర్ లోపల ఇంకో యంత్రాన్ని వేగంగా నడిపే సౌకర్యం అది. ప్రాసెసర్ లో ఉంటుంది గానీ కొన్ని కంప్యూటర్లలో నిద్రపుచ్చి ఉంటుంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తూ ఎఫ్-2 నొక్కి బయోస్ లోకి వెళ్లాం. (కొన్నిటికి డిలీట్ మీట, మరికొన్నిటికి ఇంకోటి ఉంటుంది. తెర మీద చిన్న అక్షరాల్లో రాస్తారు, రెప్పపాటులో పోతుంది.) ఇంటెల్ అయితే వీటీ అనీ, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అనీ ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి బయటికి వచ్చాం. మిగిలినవాటి జోలికి పోలేదు, మీరూ పోకండి. ఈసారి ఎద్దుబండి కాస్తా ఎక్స్‌ప్రెస్ బస్సయింది. సూపర్ లగ్జరీ అనను.

ఇహ అసలు జబ్బు. హీరో గోడకు ఎందుకు అతుక్కుంటున్నాడు?

ఫోన్ గేములో ఎడమచేతి కింద ఒక గుండ్రటి చక్రం ఉంటుంది గదా, బొటనవేలితో తిప్పేది. ఎమ్యులేటర్ కూడా దాని మీద ఒక గుండ్రం పెడుతుంది. డబ్ల్యూ నొక్కితే ఆ గుండ్రం మధ్యలో కనబడని వేలు పడి, పైకి జరుగుతుంది. ఏ నొక్కితే ఎడమకు, ఎస్ నొక్కితే కిందికి, డీ నొక్కితే కుడికి. ఇక్కడ మెలిక ఏమిటంటే, ఎమ్యులేటర్ ముందుగా ఇచ్చే గుండ్రం గేములోని మామూలు అమరికకు సరిపోయేది. మనవాడు వేలు విరిగాక ఫోన్‌లో ఎలాగైనా ఆడాలని చక్రాన్ని కాస్త కుడికి జరుపుకున్నాడు. అదే ఖాతాతో కంప్యూటర్‌లో తెరిస్తే జరిపిన అమరికే వచ్చింది. అంటే చక్రం ఒక చోట, గుండ్రం దానికి ఎడమగా ఇంకో చోట! మనవాడు “పైకి” అంటే, చక్రం లెక్కలో అది “ఎడమ మూలకు” అయింది. తిన్నగా పోవలసినవాడు ఏటవాలుగా పోయి గోడను కౌగిలించుకున్నాడు.

“గంతేనా అన్నా?” అన్నాడు తమ్ముడు. గంతే! బ్లూస్టాక్స్ లో కంట్రోల్, షిఫ్ట్, ఏ నొక్కితే అమరిక మార్చే పలక వస్తుంది. గుండ్రాన్ని మౌస్‌తో లాగి చక్రం నడిమధ్యకు తెచ్చాం. గుండ్రం సైజు కూడా చూసుకోవాలి. మరీ పెద్దదైతే వేలు చక్రం దాటి పైకి పోతుంది. చాలా గేముల్లో అలా దాటితే పరుగు తాళం పడిపోయి, మీట వదిలినా మనిషి ఆగడు. మరీ చిన్నదైతే పెళ్లికూతురిలా నడుస్తాడు.

ఈ డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కూటమి ఎక్కడిదని తమ్ముడు అడిగాడు. చెప్పాను. 1993లో డూమ్ వచ్చినప్పుడు నడవడానికి బాణం మీటలే ఇచ్చారు. కుడిచెయ్యి మౌస్ మీదికి పోయాక ఎడమచేతికి దగ్గరి మీటలు కావలసివచ్చాయి. ఎవరికి తోచినవి వాళ్లు పెట్టుకున్నారు. 1997లో అమెరికాలో క్వేక్ పోటీ పెడితే థ్రెష్ అనే మారుపేరుతో ఆడే డెనిస్ ఫాంగ్ గెలిచాడు. బహుమతి ఏమిటనుకున్నారు? ఆ గేమ్ రాసిన జాన్ కార్మాక్ గారి సొంత ఫెరారీ కారు! అంతే, ఆ కుర్రాడు వేళ్లు ఏ మీటల మీద పెట్టాడో లోకమంతా అక్కడే పెట్టింది. 1998లో వచ్చిన హాఫ్ లైఫ్ ఈ నాలుగు మీటలనూ ముందే కుదిర్చి ఇచ్చిన తొలి గేముల్లో ఒకటి. హీరోగారి క్రాపు చూసి ఊరంతా ఆ క్రాపే చేయించుకోవడం మనకు కొత్తేం కాదుగా.

కానీ ఫెరారీ గెలిచినవాడి క్రాపు అందరికీ నప్పదు. మీటలు చేతికి తగ్గట్టు ఉండాలి. మన తమ్ముడి కుడి బొటనవేలు బిర్రుగా ఉంది. మౌస్ పట్టుకుంటే వేలు పక్కన ఆని ఉంటుందంతే, నొక్కలేదు. కాబట్టి మౌస్ కు చూపుడువేలు, మధ్యవేలు పని మాత్రమే ఇచ్చాం. కాల్చడానికి ఒకటి, గురి దగ్గరగా చూడటానికి ఒకటి. మిగతా బరువంతా ఎడమచేతికి. ఎగరడం స్పేస్ బార్ మీద పెట్టాం, ఎడమ బొటనవేలు ఖాళీగానే ఉంది గనక. తుపాకీ నింపడం, కూర్చోవడం, వస్తువు తీసుకోవడం చిటికెనవేలు నుంచి చూపుడువేలు దాకా అందే మీటల మీదే సర్దాం. ప్రతి బటన్ మీదా ఒక చిన్న చుక్క లాగి వదలడం, ఆ చుక్కలో మీట పేరు నొక్కడం, అంతే పని. ముగ్గు వేసినట్టు!

ఎగరడం ముందు పనిచేయలేదు. “నొక్కుతున్న గానీ ఎగుర్తలేడన్నా.” నిలబడి నొక్కితే ఎగురుతున్నాడు. ముందుకూ పక్కకూ పరుగెత్తుతూ నొక్కితే ఎగరడు. అది మీటల అమరిక తప్పు కాదు, కీబోర్డు సంగతి. చవక కీబోర్డుల్లో తీగలు కలిసి ఉంటాయి. కొన్ని మీటలు మూడు ఒకేసారి నొక్కితే మూడోది కంప్యూటర్‌కు వినబడదు. ఏ మూడు అనేది కీబోర్డును బట్టి మారుతుంది. ఖరీదైనది కొనమని చెప్పడం సులువు. అక్క ముందు ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. కాబట్టి పక్క పరుగును వేరే మీటకు మార్చి చూశాం. ఎగిరాడు! సందులో వాళ్లకు వినబడేలా మేమిద్దరం కేక పెట్టాం.

తర్వాత మౌస్. వినాయకుడి వాహనం అంటే మాటలా! మౌస్ కదిపితే హీరో తల తిరగాలి. దీనికి గురి గుర్తును తెర కుడి సగంలో ఖాళీ చోట పెట్టాలి. బటన్లేవీ దాని కింద ఉండకూడదు. ఎఫ్-1 నొక్కితే మౌస్ బాణం మాయమై చూపు దానికి కట్టుబడుతుంది. మళ్లీ నొక్కితే బాణం తిరిగి వస్తుంది. ఇక్కడ కనబడని వేలి కష్టం మనం అర్థం చేసుకోవాలి. మౌస్‌ను మీరు బల్ల చివరి దాకా జరపగలరు. ఆ వేలికి మాత్రం తెర అంచు ఉంది. అంచుకు చేరగానే లేచి, మళ్లీ మధ్యలో పడి, మళ్లీ జరగాలి. ఆ లేచి పడే క్షణంలో చూపు చిన్నగా ఎక్కిళ్లు పడుతుంది. వేగం మరీ పెంచితే ఎక్కిళ్లూ పెరుగుతాయి. అంచేత ఎమ్యులేటర్ లో వేగం తగ్గించి, గేములో కొద్దిగా పెంచి, రెండిటి మధ్య రాజీ కుదర్చాలి. విండోస్ మౌస్ సెట్టింగుల్లో “ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్” అని ఒక టిక్కు ఉంటుంది. పేరు చూసి మంచిదనుకుంటారు. తీసేయండి. అది ఉంటే చెయ్యి వేగాన్ని బట్టి దూరం మారిపోతుంది, చేతికి అలవాటు కుదరదు.

ఏడున్నరకు మనవాడు మొదటిసారి తిన్నగా పరుగెత్తి, గోడ దూకి, అవతల నిలబడ్డ డబ్బాను కాల్చాడు. డబ్బానే లెండి, శిక్షణ మైదానం అది. వాడి ముఖం చూస్తే మాత్రం వంద రోజుల షీల్డు అందుకున్నట్టుంది.

అప్పుడు వచ్చారు మిగతా ముగ్గురూ.

ఇద్దరు భుజం తట్టారు. మూడోవాడు తెర వంక కాసేపు చూసి మెల్లగా అన్నాడు: “అన్నా, ఇది గేమ్‌ల పట్టుకుంటరు కదా. మనోని ఐడీ పోతది. మాది కూడ పోతే?”

కుర్రాడి ప్రశ్న న్యాయమైనది. వాళ్లు ఆడేది బీజీఎంఐ. దాని చరిత్ర మీకు తెలిసిందే. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం నిషేధించింది. 2021 జూలైలో బీజీఎంఐగా తిరిగివచ్చింది. 2022 జూలైలో మళ్లీ దుకాణాల నుంచి పోయింది. 2023 మేలో మళ్లీ వచ్చింది. హృతిక్ రోషన్ పోలికతో 2020లో “జై” అనే పాత్రను పెట్టుకున్న ఫ్రీ ఫైర్ కూడా 2022 ఫిబ్రవరిలో నిషేధం పాలైంది. ఇన్ని ఇంటర్వెల్‌లు దాటి కుర్రాళ్లు ఖాతాలు కాపాడుకుంటూ వచ్చారు. ఆ బీజీఎంఐ ఎమ్యులేటర్ మీద ఆడటాన్ని ఒప్పుకోదు. పట్టుబడితే ఖాతా పోతుంది.

ఎందుకు ఒప్పుకోదంటే, మౌస్ పట్టినవాడి గురికీ అద్దం మీద బొటనవేలు రుద్దేవాడి గురికీ పోలిక లేదు. ఒకడు కత్తితో, ఒకడు కర్రతో యుద్ధం చేసినట్టు. మనవాడికి బొటనవేలు వంగడం లేదన్నది నిజమే. కానీ అవతల నిలబడ్డ తొంభైమందికి ఆ సంగతి తెలియదు, వాళ్లకు తెలిసేది దెబ్బ ఒక్కటే.

“దొరకకుండ చేసేటివి ఉంటయట కదన్నా” అన్నాడు ఇద్దరిలో ఒకడు. ఉంటాయి. డబ్బు తీసుకుని అమ్మేవాళ్లూ ఉంటారు. నేను మాత్రం చెప్పను. ఆ ముసుగు ప్రోగ్రాములకు కంప్యూటర్ తాళాలు మొత్తం అప్పగించాలి. పైగా ఇవాళ కాకపోతే రేపు దొరుకుతాడు. దొరికాక వేలు విరిగిందని చెబితే వినేదెవరు? ఒక మీట నొక్కితే పదిసార్లు దానంతటదే కాల్చే ఏర్పాట్లు కూడా ఈ ఎమ్యులేటర్లలో ఉన్నాయి. ఒంటరి ఆటల్లో విసుగు పని తప్పించుకోవడానికి వాడుకోండి. మనిషి మీద ఆడేటప్పుడు వద్దు. అది ఆట కాదు, మోసం.

ఒక దారి ఉంది. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ లాంటివి ఎమ్యులేటర్ వాళ్లను రానిస్తాయి. రానిచ్చి, వాళ్లను వాళ్లతోనే జత చేస్తాయి. కత్తికి కత్తి. కానీ టీములో ఒక్కడు కీబోర్డు పట్టినా టీమ్ మొత్తాన్నీ ఆ వాడలోకే పంపుతారు. అంటే మనవాడి కోసం మిగతా ముగ్గురూ ఫోన్లు పట్టుకుని కీబోర్డు వాళ్ల మధ్యకు పోవాలి. కొత్త గేమ్, కొత్త ఖాతా, సున్నా నుంచి.

ఎవరూ మాట్లాడలేదు. మూడోవాడి ర్యాంకు రెండేళ్ల కష్టమట. వాడిని నేను తప్పు పట్టను. మన తమ్ముడు “వద్దులే రా, మీరు అదే ఆడున్రి, నేను కార్ల గేమ్ ఆడుకుంట” అన్నాడు తెర వంక చూస్తూ. ఆ మాట ఎంత నిబ్బరంగా అన్నాడో, మౌస్ మీద చెయ్యి అంతగా వణికింది. ఇంతలో అక్క వచ్చి గడియారం చూపించింది. ఎనిమిది.

లేచే ముందు చెప్పిన ఒక ముక్క మీకూ చెబుతాను. అమరిక అంతా కుదిరాక దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి ఒక ఫైలుగా దాచుకోండి. గేమ్ కొత్త రూపం వచ్చి బటన్లు జరిగాయంటే చుక్కలన్నీ తప్పుతాయి, హీరో మళ్లీ గోడ దగ్గరికే పోతాడు. ఇంకోటి, కబుర్లు టైపు చేసేటప్పుడు మీటల అమరికను ఆపుకోండి. లేకపోతే “వస్తున్నా” అని కొడుతుంటే మీ హీరో నడిచి, కూర్చుని, బాంబు విసురుతాడు. అదీ సొంత మనుషుల మీద.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. కార్డుముక్కంత.

“అన్నా, ఇద్దరు నాతోని కొత్త గేముల కొచ్చిన్రు. పది ఆటలు ఆడినం, తొమ్మిది ఓడినం. కీబోర్డోళ్లు మస్తు కొడుతున్రు. మూడోడు ఇంక రాలే. రోజు వచ్చి పక్కన కూసుని చూస్తున్నడు, గట్ల పో, ఇట్ల పో అని చెప్తున్నడు. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి పిసుకుమన్నడు. ఆట లోడైతున్నప్పుడు పిసుకుతున్న. ఎగిరే మీట మంచిగనే పనిచేస్తున్నది. అక్క మాత్రం స్పేస్ బార్ లూజైంది, కొత్తది కొనియ్యమంటున్నది. ఎంతుంటదన్నా?”